దాని కీళ్ళు

పెద్ద వరద వచ్చిన తరవాత రెండో ఏడు ఇది జరిగింది. మా వీధిలో ఏ లెక్కయినా వరద దగ్గరే మొదలవుతుంది, ఫలానా పిల్ల వరదకు ముందు పుట్టింది, ఫలానా గోడ వరద తరవాత లేచింది, అంతకంటే తేదీలు ఎవరికీ అక్కర్లేదు. ఇళ్ళకు ఎన్నిసార్లు సున్నం కొట్టినా కిటికీల ఎత్తున బురదచార చెమ్మలోంచి మళ్ళీ పైకి తేలుతుంది. మా కారుకూ ఆ చార ఉండేది. తుడిస్తే పైది పోయింది, లోపలికి వెళ్ళిన నీళ్ళు మాత్రం లోపలే కూర్చుని తమ పని తాము చేసుకున్నాయి. ఆ పని ఫలితం ఆ రోజు పొద్దు వాలే వేళకు నా భుజమ్మీదికి వచ్చింది. ముందు సీటు పక్క తలుపు, అద్దంతో సహా, బరువంతా. పై కీలు ఊడదీసి ఉంది, కింది కీలుకు కొత్త పిన్ను పడి ఉంది, మధ్యలో నేను ఒక మోకాలు మడిచి, ఒక కాలు చాచి, రేకు అంచు మెడ పక్కన ఒరుసుకుంటూ ఉండగా, ఇంట్లో మా ఆవిడ అన్నగారు నేను అనని మాట నేనన్నానని ఆవిడకు చెబుతున్నాడు. కిటికీ తెరిచే ఉంది. ప్రతి అక్షరం వినబడుతోంది. లేచి వెళ్ళి కాదని చెప్పాలి. లేస్తే తలుపు పడుతుంది, పడితే కింది కీలు మెలిదిరిగి పొద్దుటినుంచి పడ్డ పాటు రేకుతో సహా చీరుకుపోతుంది. అరవొచ్చు కదా అంటారు. అరిచేవాణ్ణయితే ఈ కథే లేదు. నాకు కోపం వస్తే మాట గొంతులో అడ్డంగా నిలబడిపోతుంది, చేపముల్లులాగ, మింగలేను, కక్కలేను.

ఆ తలుపు మా ఆవిడకు చేతికర్ర కిందే లెక్క. ఆవిడ తుంటి కీలు అరిగిపోయింది. వరదరోజు కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని మేడమెట్లెక్కిన మనిషి, ఇప్పుడు కర్ర పట్టుకుని, గడపను నాలుగు తిట్టిగానీ దాటదు. డాక్టరు కుర్రాడు ఎముక ఫొటో వెలుతురుకు పెట్టి, "కీలు అరిగిందండీ," అన్నాడు. నేను బతుకంతా తలుపులు బిగించిన వడ్రంగిని, కీలనేసరికి నా కీలే గుర్తొచ్చి, "కొత్త బుష్ పడదా బాబూ?" అన్నాను. నవ్వాడు. పడుతుందిగానీ ఆవిడ గుండె ఆ కోత తట్టుకోదన్నాడు. చెప్పినదానికంటే ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపం. సరే, నడక పోయింది, చేతులు పోలేదు. బట్టలు కుట్టే షాపులో ఆవిడంత సన్నంగా కాజాలు తీసే మనిషి లేదు. మిషను కాజాలోంచి బొత్తాం తొందరగా జారిపోతుందని, ఖరీదైన కోట్లన్నీ ఆవిడకే అట్టిపెడతారు. పొద్దున్నే తీసుకెళ్ళి షాపు ముందు ఆపుతాను. సీట్లోనే పక్కకు తిరిగి, రెండు కాళ్ళూ బయటపెట్టి, తలుపు పై అంచు రెండు చేతులా పట్టుకుని, "ఊఁ" అని ఒక్క ఊపున లేస్తుంది. నన్ను చెయ్యి వెయ్యనివ్వదు. మొదట్లో చంకల కింద చేతులు పెట్టి లేపబోతే, "నేనేమన్నా సిమెంటు బస్తానా?" అని వీధి వీధంతా వినబడేలా అంది. అప్పటినుంచి చేతులు జేబుల్లో పెట్టుకుని పక్కన నిలబడతాను. రోజూ ఆ బరువు మోసి మోసి తలుపు కిందికి వాలింది. ఎత్తిపట్టి వేస్తేగానీ పడేది కాదు. సందు చివర మెకానిక్కుకు ఇస్తే, కీలు కింద ఒక వాషరు దోపి, చీలిన రేకుమీద లప్పం మెత్తి, రంగు కొట్టి, పెళ్ళికొడుకులా తయారుచేసి ఇచ్చాడు. అంతకు ముందురోజు షాపు ముందు ఆవిడ పట్టుకుని లేస్తుంటే పెళ్ళికొడుకు చతికిలబడ్డాడు, వాడితోపాటు ఆవిడా. మోకాళ్ళు కాలవగట్టుకు కొట్టుకున్నాయి. షాపులో అమ్మాయిలందరూ కత్తెరలు చేతుల్లో ఉండగానే పరిగెత్తుకొచ్చారు. ఆవిడకు మోకాలి దెబ్బ లెక్కలోది కాదు. వాళ్ళు చూశారు, అదీ దెబ్బ. ఇంటికొచ్చాక, "రేపు దీన్ని చూడు. నువ్వు బాగుచేస్తే ఎల్లుండి వెళ్తాను, ఆ కోట్లు ఇచ్చెయ్యాలి. నీవల్ల కాదంటే షాపు మానేస్తాను. ఇంకోసారి వాళ్ళ ముందు పడను," అంది.

తలుపు బరువు కీలు మోస్తుందనుకుంటారు. మోసేది ద్వారబంధం. ఇల్లయినా అంతే, కారయినా అంతే. అందుకని మెకానిక్కు మెత్తిన లప్పమంతా గీకి పారేశాను, వాణ్ణి తిట్టుకుంటూ, పెచ్చుకొక తిట్టు. కింద, కీలు మరలు పట్టేచోట, రేకు నోరు తెరుచుకుని ఉంది. పాత ఇనపమంచం పట్టీ కోసి, బెజ్జాలు వేసి, తలుపు పక్క స్తంభం లోపలినుంచి ఆ రేకు వెనక పెట్టి బిగించాను. ఇంక మరలు పట్టుకునేది పుచ్చిన రేకును కాదు, పట్టీని. లేతు పనివాడి చేత, పిన్ను తిరిగే ఇత్తడి గొట్టాలు, బుష్షులు తిప్పించుకొచ్చాను. కింది కీలు అయింది. తలుపు కింద జాకీ, జాకీ మీద చెక్కలు పేర్చి, పై కీలు పాత పిన్ను కొట్టి తీశాను. కొత్త పిన్ను పళ్ళమధ్య పెట్టుకున్నాను. అప్పుడొచ్చాడు బావ, మా ఆవిడకు అన్న. నేనతన్ని బావ అంటాను, అతను నన్ను బావ అంటాడు, దూరంనుంచి వింటే ఒక మనిషి తనతో తానే మాట్లాడుకుంటున్నట్టుంటుంది, నిజానికి అంతే కూడాను, మాట్లాడేది అతనొక్కడే. ఎదురిల్లే. బస్సు కండక్టరుగా చేసి దిగాడు, దిగాడుగానీ ఈల నోట్లోంచి దిగలేదు. ఎవరెక్కాలో ఎవరు దిగాలో ఇప్పటికీ తనే చెప్పాలి. స్టూలు లాక్కుని చెక్కల పక్కనే కూర్చున్నాడు.

"దాని కీళ్ళు పూర్తిగా పోయాయి బావా," అన్నాడు.

"పోయాయి," అన్నాను పళ్ళమధ్యనుంచే.

"అయినా నువ్వు లాక్కొస్తూనే ఉన్నావు."

"లాక్కు రావాలిగా."

"రోజూ రోడ్డెక్కించడం దానికీ హింసే, నీకూ హింసే. దాని వయసేమిటి, ఈ తిప్పుడేమిటి?"

కారు వయసు తలచుకున్నాను. అబద్ధం కాదు. "ఊఁ," అన్నాను.

"నిన్నటిలా మళ్ళీ అయితే?"

"అయితే ఇంకేముంది? ఓ మూల పడెయ్యడమే."

"అంటే నీ మనసులోనూ అదే ఉందన్నమాట!"

"ఎన్నాళ్ళని వేగుతాం దాంతో," అన్నాను.

"హమ్మయ్య," అని తొడ చరుచుకుని లేచాడు. "మొండికేస్తావని భయపడి చచ్చాను. మౌనం అర్ధాంగీకారం అంటారు, నువ్వు నోరు తెరిచి మరీ ఒప్పుకున్నావు." లేవడంలో కాలు చెక్కలకు తగిలింది. జాకీ ఒరిగింది, చెక్కలు జారాయి, తలుపు వచ్చి నా భుజమ్మీద కూర్చుంది. అతను చూడలేదు. గెలిచినవాడు కిందికి చూడడు. కారును మూల పడేస్తానంటే ఈయనకింత సంబరమేమిటా అని నేనింకా అనుకుంటూనే ఉన్నాను, కిటికీలోంచి ఆ గొంతు, బస్సు వెనకసీటుదాకా వినబడటానికి అలవాటుపడ్డ గొంతు, "ఇదిగోనే, మీ ఆయనతో మాట్లాడేశాను, ఇంక షాపూ లేదు గీపూ లేదు," అంది. ఆయన ఒప్పుకోడులే అని ఆవిడ నవ్వింది. నవ్వింది, విన్నాను నేను. "ఒప్పుకున్నాడే! ఎన్నాళ్ళని వేగుతాం దాంతో అన్నాడు. ఓ మూల పడెయ్యడమే అన్నాడు. నేను కాస్త మెత్తగా చెబుదామనుకుంటే, నాకంటే కటువుగా ఉన్నాడు మీ ఆయన." నా గురించేనా అంది ఆవిడ. "మరెవరి గురించి? దాని కీళ్ళు పోయాయి అన్నాను, పోయాయి అన్నాడు. కావాలంటే వెళ్ళి అడుగు." ఆవిడ లేచిన చప్పుడు లేదు. కర్ర చప్పుడు లేదు. అడగడానికి రాలేదు.

అప్పటికి తెలిసింది నాకు. తెలిసి ఏం లాభం, అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను, పైన తలుపు, కింద నేల. భుజం ఎముకలోకి రేకు అంచు దిగుతోంది. అది. రెండక్షరాలు. దాని కీళ్ళు, దాని వయసు, దాంతో వేగడం. ఎవడు పెట్టాడు ఈ మాట? మా ఆవిడను నేను బయటివాళ్ళ దగ్గర అది అనే అంటాను, అందరూ అంటారు, అది పడుకుంది, అది షాపుకెళ్ళింది. కారునూ అదే అంటాను, అది స్టార్టవలేదు, అది ఆగిపోయింది. మగవాడికి వాడు అని ఒక మాట పెట్టారు. పరాయివాళ్ళ పెళ్ళాలకు ఆవిడ అనీ ఆమె అనీ రెండు పెట్టారు. సొంత మనిషి దగ్గరికొచ్చేసరికి భాషకు మాటలు కరువొచ్చాయా? కుక్కతో, కుర్చీతో, కారుతో కలిపి ఒకే గుంజకు కట్టేశారు. ఈ కాగితం మీద ఆవిడ అనే రాస్తున్నాను, చేత్తో రాయడం తేలిక, నోరే తిరగదు. మూడో తరగతిలో మాస్టారు, వాడు వచ్చాడు, అది వచ్చింది, అని గంటసేపు పాడించాడు, అది అంటే ఏదండీ అని ఒక్కడూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ తరవాత బడి మానేశాను, అడగడం అంతకు ముందే మానేశాను. ఆయనయినా ఏం చెప్పేవాడు, బెత్తంతో చెప్పేవాడు. ఆ మాస్టారు మీదా కోపం, పోయి ఎన్నేళ్ళయిందో, అయినా కోపం. లప్పం మెత్తిన వాడిమీద కోపం. నవ్విన డాక్టరుమీద. కీలెరిగి వాత పెట్టాలంటారు, ఈ బావ కీలు ఎరగకుండా వాత పెట్టాడు, సరిగ్గా ఆవిడకు తగిలేచోట పెట్టాడు, అదేం నేర్పో. వరదప్పుడూ ఇంతే, మేడ మీద అందరికంటే ముందెక్కి, మీరు రండి, మీరాగండి, సామాను వద్దు అని అరుస్తూ నిలబడ్డాడు, ఆవిడ మాత్రం మిషను నెత్తినెత్తుకుని, జరుగన్నయ్యా అని అతన్ని పక్కకు తోసి పైకొచ్చింది. కారు కింద ఉండిపోయింది. నీళ్ళు తీశాక వచ్చి ఇదే తలుపు లాగితే ఎర్రటి నీళ్ళు నా పాదాలమీద పడ్డాయి, నీళ్ళతో చేపపిల్ల. ఆవిడ మెట్లమీద నిలబడి, "నీ కారు నీళ్ళాడిందయ్యా, చేపను కన్నది!" అని చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఇల్లంతా బురద, పొయ్యి లేదు, పరుపు లేదు, ఆ మాటకు నేనూ నవ్వాను. ఆ మనిషి ఇప్పుడు లోపల, నేను పడెయ్యడమే అన్నానని నమ్మి, కర్ర కూడా కదపకుండా కూర్చుంది. ఎలా నమ్మింది? కోపం ఆవిడమీదికీ పోయింది. ఇన్నేళ్ళు కాపురం చేసి ఎలా నమ్మింది? ఎలా నమ్మదు, నేను నోరు తెరిచి ఏ రోజు కాదన్నాను గనక. చాచిన కాలితో జారిన చెక్కను అందుకోబోయాను. మడమకు తగులుతోంది, రావడంలేదు. చెమట కంట్లోకి దిగింది. పిన్ను పళ్ళమధ్య కరకరమంటోంది.

"షాపావిడకు నేనే చెబుతాలే," అంటోంది ఆ గొంతు, "ఎలాగూ అటువైపే వెళ్తున్నాను. ఆ కోట్లకు ఇంకెవరినన్నా చూసుకుంటారు. రైట్ రైట్, అంతే, బస్సు ఎవరికోసమూ ఆగదమ్మా." వద్దంటుందని చూశాను. తిడుతుందని చూశాను, ఆవిడ తిట్టు నాకు తెలుసు, గోడకున్న సున్నం రాలుతుంది. ఆవిడ గొంతు వచ్చింది, ఎవరిదో అనుకున్నాను. "చెప్పెయ్యి," అంది.

కోపం నా నోట్లోకి రాదుగానీ ఒంట్లోకి వస్తుంది. ఎక్కడినుంచి వచ్చిందో ఆ బలం, మోకాలు నేలకు తన్ని, భుజంతో ఆ తలుపును అమాంతం పైకి లేపాను. పై కీలు బెజ్జం మీదికి బెజ్జం వచ్చింది. పళ్ళమధ్యనుంచి పిన్ను తీసి, పెట్టి, అరచేత్తోనే ఒక్క పోటు పొడిచాను. సగం దిగింది. ఇంక పడదు. భుజం తీసి, సుత్తి వెతుక్కుని మిగతా సగం దించాను, ఒక్కో దెబ్బకు ఒక్కో మనిషి పేరు చెప్పుకుని. చొక్కా భుజం దగ్గర చిరిగి, కింద ఎర్రగా కమిలిపోయింది. తలుపు వేశాను. ఎత్తకుండా వేశాను. టక్కుమని పడింది.

బావ చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ బయటికొచ్చాడు. "అయిందా? ఎలాగూ మానేస్తుంటే ఇంకెందుకయ్యా దానికంత సేవ?"

"షాపుకు వెళ్ళకు," అన్నాను.

"ఏం?"

"నేనన్నది కారును."

నన్ను చూశాడు, కారును చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ, కారునా! నేను చెల్లి గురించి చెబుతుంటే, నువ్వు కారు గురించి..." కళ్ళు తుడుచుకున్నాడు. "అయినా తేడా ఏముంది బావా? రెండింటికీ వయసే, రెండింటికీ కీళ్ళే."

సుత్తి చేతిలోనే ఉంది. అతని తలకు ఎంత దూరమో చూశాను, అబద్ధం చెప్పను, చూశాను. కారు పైకప్పుమీద ఒక్కటి వేశాను. అత్తమీద కోపం దుత్తమీద. ఆ సొట్ట ఈనాటికీ ఉంది. "రెండు కాదు," అన్నాను. "ఒకటి కారు. ఒకరు మనిషి. ఆ మనిషి వెళ్తానంటే వెళ్తుంది, మానేస్తానంటే మానేస్తుంది. నువ్వు ఈల ఊదకు. నేనూ ఊదను." అతనితో నేనింత పొడుగు మాట్లాడటం అదే మొదలు. నవ్వు ఆగింది. స్టూలు తీసి గోడకు జరిపాడు, ఎందుకో. "నోట్లో నాలుక లేదనుకున్నాను," అని గొణుక్కుంటూ రోడ్డు దాటి తన ఇంటికే వెళ్ళాడు, షాపు వైపు కాదు.

లోపల దీపం వెయ్యలేదు. ఆవిడ మంచమ్మీద గోడవైపు తిరిగి కూర్చుంది. గుమ్మంలో నిలబడి, "నేను కారు గురించి అన్నాను," అన్నాను. "విన్నాను," అంది. "సుత్తి దెబ్బ కూడా విన్నాను." మరింకేమిటి అన్నాను. అప్పుడు ఇటు తిరిగింది. "నీకు కారూ అదే, నేనూ అదే. దాని కీళ్ళు పోయాయంటే నావీ పోయాయి, దాన్ని మూల పడేస్తానంటే నేను ఏ మూలనుండాలో వెతుక్కోనా? దేన్ని అన్నావో నువ్వు చెబితేగానీ తెలియకపోతే, ఏదన్నా ఒకటే." జవాబు లేని మాటకు వచ్చే కోపం మిగతావాటికంటే పెద్దది. తలుపు బాగయింది అన్నాను. అవనీ అంది. రేపు వస్తావా అన్నాను. రాను అంది. ఆ రాత్రి గురించి చెప్పడానికి ఇంకేం లేదు.

మర్నాడు పొద్దున్న ఏం చేశానంటే, కారు గడప ముందుకు తెచ్చి, ఆ తలుపు బార్లా తీసి, పై అంచు రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు రెండూ నేలమీంచి ఎత్తేశాను. డెబ్బై దాటిన మనిషిని, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గబ్బిలంలా వేలాడాను. కమిలిన భుజం భగ్గుమంది. ఎదురింటి ముందు బావ పళ్ళు తోముకుంటూ నోరు తెరిస్తే నురగ చొక్కామీద కారింది. తలుపు వెంట్రుకవాసి కదల్లేదు. ఆవిడ గడపలోకి వచ్చి, కర్రమీద ఆనుకుని, ఆ వేలాట చాలినంతసేపు చూసింది. "దిగు," అంది. "నడుం పట్టేస్తే నిన్నెవరు మొయ్యాలి?"

దిగాను. రమ్మని అనలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని పక్కన నిలబడనూ లేదు. తలుపు అలాగే వదిలేసి, ఇటు తిరిగొచ్చి నా సీట్లో కూర్చుని, ఇంజను వేసి, ఎదురుగా రోడ్డే చూస్తున్నాను. కోపం దిగలేదు. ఎవరిమీదో కూడా తెలియలేదు. లోపలికి వెళ్ళిపోతే వెళ్ళిపోతుంది, పిలవకూడదు, తల తిప్పకూడదు. కర్ర చప్పుడు మెట్టు దిగింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. కారు అటువైపు కాస్త ఒరిగింది, తలుపుమీద రెండు చేతుల బరువు.

"బావా, దిగి పట్టుకో దాన్ని! పడిపోతుంది!" రోడ్డవతలనుంచి కండక్టరు గొంతు.

"ఏది పడిపోతుందన్నయ్యా?" అంది ఆవిడ, తిరిగి చూడకుండానే. "నేనా, తలుపా?"

సీటు కుంగింది. కాళ్ళు ఒకదాని వెనక ఒకటి లోపలికి వచ్చాయి, రెండోదాన్ని చేత్తో ఎత్తి పెట్టుకుంది. తలుపు తనే లాక్కుంది. పడింది.

"పోనీ," అంది.

పోనిచ్చాను.